ఆగకుండా ఎంత దూరం నడుస్తారని డాక్టర్ అడిగితే ఏం చెప్పాలి? (స్టెనోసిస్, నడక కొలత)

సాయంకాలం

అందరికీ నమస్కారం. నాన్నగారికి 71 ఏళ్ళు. రెండేళ్ళుగా నడుస్తుంటే పిరుదుల నుంచి పిక్కల దాకా లాగేస్తోంది. కాసేపటికి తిమ్మిరెక్కి, కాళ్ళు తనవి కానట్టు అయిపోతున్నాయి. కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో తేలికపడుతుంది. ఎమ్మారైలో నడుము కింది భాగాన ఎల్4-ఎల్5 ఎముకల దగ్గర, నరాలు వెళ్ళే దారి (కెనాల్) బాగా ఇరుకైందని వచ్చింది. దీన్నే స్టెనోసిస్ అంటారట.

మొన్న డాక్టర్‌గారు "ఆగకుండా ఎంత దూరం నడుస్తారు?" అని అడిగారు. నాన్న "కిలోమీటరు నడుస్తానండీ" అన్నారు. పక్కనే ఉన్న అమ్మ "ఎక్కడండీ, వంద అడుగులు వేస్తే ఆగిపోతున్నారు" అంది. నేను ఏమీ చెప్పలేకపోయాను. డాక్టర్‌గారు ఇద్దరి మాటా రాసుకుని, ఆరు వారాల తర్వాత వచ్చేటప్పుడు కొలిచి తీసుకురమ్మన్నారు. ఎలా కొలవాలో అడగాలని నాకు ఆ నిమిషంలో తట్టలేదు. ఇంటికొచ్చేదాకా అమ్మా నాన్నా దాని మీదే వాదించుకున్నారు.

ఫోన్‌లో అడుగుల లెక్క చూశాను. ఒకరోజు 2,900, మర్నాడు 800. చూపించాల్సింది ఇదేనా? ఆపరేషన్ అవసరమా కాదా అన్నది తేల్చడానికి ఈ సంగతి కూడా కావాలన్నారు. అందుకే తప్పు అంకె పట్టుకెళ్ళకూడదని భయంగా ఉంది.

నడకబడి

సాయంకాలం గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. స్టెనోసిస్ ఉన్నవాళ్ళను పదహారేళ్ళుగా నడిపిస్తున్నాను. ముందొక మాట: మీ అమ్మగారూ నాన్నగారూ ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు.

ఈ జబ్బులో జ్ఞాపకం మీద చెప్పే దూరం చాలాసార్లు తప్పుతుంది. 200 మీటర్లు దాటలేనన్నవాళ్ళు నా ముందు 600 నడిచారు. కిలోమీటరన్నవాళ్ళు 150 దగ్గర గోడ పట్టుకున్నారు. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. మనం దూరాన్ని మీటర్లలో గుర్తుపెట్టుకోం కదా, "అక్కడిదాకా వెళ్ళొచ్చాను" అని గుర్తుపెట్టుకుంటాం. మధ్యలో ఎన్నిసార్లు ఆగామో ఆ జ్ఞాపకంలో ఉండదు.

ఈ జబ్బు నడకను కొలవడానికి నాకు అన్నిటికన్నా నమ్మకమైనది 'సెల్ఫ్ పేస్డ్ వాకింగ్ టెస్ట్', అంటే మనిషి తన వేగంతో తాను నడిచే పరీక్ష. చదునైన నేల మీద, ఎప్పుడూ నడిచే వేగంతో నడవమంటాం. నొప్పో తిమ్మిరో నీరసమో వచ్చి ఇక ఆగక తప్పదనిపించేదాకా నడవాలి. ఆగకుండా 30 నిమిషాలు దాటితే మనమే ఆపేస్తాం. మూడు సెకన్లపాటు పూర్తిగా నిలబడిపోయారంటే పరీక్ష అయిపోయినట్టే. అప్పటిదాకా నడిచిన దూరం, పట్టిన సమయం, ఆగడానికి కారణం, ఈ మూడూ రాస్తాం.

ఇంట్లో చేయాలంటే 20 మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టండి. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారో గీతలు పెట్టుకుంటూ పోతే సరిపోతుంది. మీరు పక్కన కాకుండా రెండడుగులు వెనక నడవండి. పక్కన నడిస్తే తెలియకుండానే మీ వేగం ఆయనకు అంటుకుంటుంది. కబుర్లు వద్దు, "ఇంకొంచెం నాన్నా" అని ఉత్సాహపరచడమూ వద్దు. పడిపోయే భయం ఉంటే మాత్రం ఇంట్లో చేయకండి, ఫిజియో దగ్గర చేయించండి.

సాయంకాలం

చాలా కృతజ్ఞతలండీ. ఒక సందేహం. నొప్పి మొదలైన చోట ఆపాలా, ఇక నడవలేని చోట ఆపాలా? నాన్న పళ్ళు బిగబట్టి నడిచే మనిషి.

నడకబడి

రెండూ రాయండి. "మొదలైంది" అని ఆయన చెప్పిన చోట ఒక గీత, ఆగిపోయిన చోట ఇంకో గీత. మొదటిది లక్షణం మొదలయ్యే దూరం, రెండోది ఆయన మొత్తం సత్తువ. ఒక్కోసారి చికిత్స తర్వాత రెండోది పెద్దగా మారదు కానీ మొదటిది బాగా పెరుగుతుంది. రోజూ నడిచేవాడికి ఆ తేడా పెద్ద ఊరట. ఒక్క అంకె రాసుకుంటే అది కనపడకుండా పోతుంది.

పళ్ళు బిగబట్టేవాళ్ళ విషయంలో నేను ఇంకోటి కూడా చూస్తాను. ఎక్కడి నుంచి నడుము ముందుకు వంగడం మొదలైంది? అదీ రాసుకోండి. నోరు చెప్పకముందే నడుము చెబుతుంది.

ఇరుకుదారి

నాకే ఉందండీ ఈ జబ్బు, వయసు 64. నడుము వంగడం అన్న మాట చూసి రాస్తున్నాను.

మొదట్లో నన్ను ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశారు. పావుగంట సుబ్బరంగా నడిచేశాను. "మీకు పెద్ద ఇబ్బంది లేదే" అన్నారు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. బయట ఐదు నిమిషాలు నడిస్తే కూలబడేవాణ్ణి, అక్కడ మాత్రం ఏమీ లేనివాడిలా కనిపించాను. తర్వాత ఇంకో ఫిజియో అమ్మాయి అడిగింది, "సార్, ముందున్న కడ్డీ పట్టుకుని నడిచారా?" అని. పట్టుకున్నాను. పట్టుకోవడమే కాదు, దాని మీద వాలి నడిచాను. ఇంట్లో ఒట్టి చేతులతో నడిస్తే ఒక లెక్క, చక్రాల బండి తోసుకుంటూ నడిస్తే ఇంకో లెక్క. నాకు రెండింటికీ మూడింతల తేడా.

కాబట్టి మీ నాన్నగారి చేతులు దేని మీద ఉన్నాయో తప్పకుండా రాయండి.

ఎముకలవార్డు

@ఇరుకుదారి గారు చెప్పింది ఈ జబ్బుకు ప్రాణం లాంటి విషయం. నేను ఆర్థోలో పని చేస్తాను, కారణం చెబుతాను.

నిటారుగా నిలబడి నడుము కొంచెం వెనక్కి వాలినప్పుడు, కెనాల్ వెనక గోడనున్న లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) ముడతపడి లోపలికి ఉబ్బుతుంది. అసలే ఇరుకైన చోటు ఇంకా ఇరుకవుతుంది, నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది, వాటికి అందే రక్తం తగ్గుతుంది. నడిచేటప్పుడు నరాలకు అవసరం ఎక్కువ, అందేది తక్కువ. అదే ఆ లాగుడూ తిమ్మిరీ. ముందుకు వంగితే లిగమెంట్ సాగుతుంది, దారి వెడల్పవుతుంది. అందుకే బండి తోస్తూ నడవగలరు, ఎత్తు ఎక్కడం కన్నా దిగడం కష్టమంటారు, సైకిల్ మాత్రం హాయిగా తొక్కుతారు. ఈ లక్షణాలకు కెనాల్ ఇరుకుతో ఉన్న సంబంధాన్ని డచ్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లో స్పష్టంగా రాశారు.

ఇక ట్రెడ్‌మిల్. పాత పద్ధతి ఒకటుంది: గంటకు 1.2 మైళ్ళ వేగంతో, అంటే దాదాపు 1.9 కిలోమీటర్లు, 15 నిమిషాలు. తర్వాత మనిషికి నచ్చిన వేగంతో ఇంకోసారి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పోల్చడానికి పనికొచ్చింది. కానీ వేగం యంత్రానిది, కడ్డీ దొరుకుతుంది, పెద్దవాళ్ళకు ఆ కదిలే పట్టా అంటే భయం. నేల మీద నడకకు అది సరైన ప్రతినిధి కాదు.

కాలిబాట

మా బాపుకు గూడ గిట్లనే ఉండె. నడిస్తే పిక్కలు పట్టేస్తుండె. ఎమ్మారైల నడుము దగ్గర ఇరుకున్నదని అచ్చింది, అందరం గదే అనుకున్నం. కానీ ఆయన ఆగినప్పుడు కూసునేది లేదు, ఊకె నిలబడితేనే నొప్పి పోతుండె. ప్రతిసారి దాదాపు గంతే దూరం. ఎనిమిది నెలల తర్వాత ఒక డాక్టరమ్మ పాదం మీద వేళ్ళు పెట్టి నాడి చూసింది, దొరకలే. అసలు కష్టం కాళ్ళ రక్తనాళాలల్ల ఉన్నది. మీరు కొలిచేటప్పుడు, ఆగినంక ఎట్ల తగ్గింది, నిలబడితెనా, కూసుంటెనా, అది గూడ చూడుండ్రి. ఆ ఒక్క ముచ్చట ముందే ఎవరన్న అడిగి ఉంటే మాకు ఎనిమిది నెలలు పోకపోవు.

ఎముకలవార్డు

@కాలిబాట గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. ఎంతోమందికి పనికొస్తుంది.

రక్తనాళాల జబ్బులో కండరానికి పని ఆగితే చాలు, నిలబడినా తగ్గుతుంది. స్టెనోసిస్‌లో నిలబడటమే బాధ పెంచుతుంది, కూర్చోవాలి లేదా వంగాలి. రక్తనాళాల నొప్పి ఎక్కువగా పిక్కల్లో మొదలై పైకి వస్తుంది, దూరం కూడా రోజూ దాదాపు ఒకేలా ఉంటుంది. స్టెనోసిస్ దూరం రోజురోజుకూ మారుతుంది. చీలమండ దగ్గర, చేతి దగ్గర బీపీ చూసి నిష్పత్తి తీస్తారు, అది 0.9 కన్నా తగ్గితే రక్తనాళాలను అనుమానించాలి. ఈ వయసులో రెండు జబ్బులూ కలిసి ఉండటమూ ఉంది. తుంటి కీలు అరిగినా నడక ఇలాగే ఆగిపోవచ్చు. అందుకే కొలిచిన కాగితం మీద దూరం పక్కనే ఎలా తగ్గిందో రాయడం అంత అవసరం.

ఇంకో మాట, ఎమ్మారై గురించి. "బాగా ఇరుకైంది" అన్న మాట చూసి భయపడతారు. ఇరుకును ఎ నుంచి డి దాకా విభజించే పద్ధతులు ఉన్నాయి, నరాల సంచి వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. కానీ ఆ ఇరుక్కూ మనిషి నడిచే దూరానికీ లంకె చాలా వదులు. భయంకరమైన ఫిల్ముతో రోజూ వాకింగ్ చేసేవాళ్ళున్నారు. ఫిల్ము పడుకోబెట్టి తీస్తాం, నొప్పి నిలబడితే వస్తుంది. నడకను విడిగా కొలవాల్సిందే.

తొలిమెట్టు

మా అమ్మకు ఆస్పత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేశారు. అది సరిపోదా?

నడకబడి

అది మంచి పరీక్షే. 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో చూస్తారు. మధ్యలో ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో బాగా వాడతారు, దానికి 2002లో వచ్చిన ప్రామాణిక సూచనలున్నాయి.

స్టెనోసిస్‌లో చిక్కేమిటంటే, కొందరికి బాధ ఎనిమిదో నిమిషంలో మొదలవుతుంది. ఆరు నిమిషాలకు వాళ్ళు ఏ బాధా లేనివాళ్ళలా బయటపడతారు. పైగా మొత్తం దూరమే రాస్తారు కాబట్టి మూడుసార్లు ఆగినవాడూ ఆగకుండా మెల్లగా నడిచినవాడూ ఒకే అంకె తెచ్చుకోవచ్చు. మీ అమ్మగారి కాగితం మీద ఎన్నిసార్లు ఆగారో రాసి ఉందేమో చూడండి. ఉంటే అది విలువైన కాగితం.

కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష ఉంది, 'టైమ్డ్ అప్ అండ్ గో' అంటారు, 1991 నుంచి వాడుకలో ఉంది. చేతులు గుండెకు కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే పరీక్ష ఇంకోటి. ఇవి కాళ్ళ బలం, తూలకుండా నిలబడే శక్తి, పడిపోయే ప్రమాదం గురించి చెబుతాయి. ఆరు మీటర్ల నడకలో నరానికి రక్తం చాలకపోవడం బయటపడదు కదా. కాబట్టి ఇవి నడక దూరానికి బదులు కావు, దానికి తోడు. ఇంటి లోపలి పనుల సంగతి తెలియాలంటే మాత్రం ఇవే మేలు.

కొలతలపుస్తకం

ఈ కొలమానాల మీదే నా చదువు సాగుతోంది, ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ప్రశ్నావళుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

స్టెనోసిస్ కోసమే తయారైనది 'జ్యూరిక్ క్లాడికేషన్ క్వశ్చనేర్'. స్విస్ స్పైనల్ స్టెనోసిస్ క్వశ్చనేర్ అన్నా అదే. 1996 నాటిది. లక్షణాల తీవ్రత మీద 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5. శారీరక సామర్థ్యం మీద 5 ప్రశ్నలు, 1 నుంచి 4. చికిత్స అయ్యాక సంతృప్తి మీద ఇంకో 6. సగటు తీస్తారు, అంకె పెరిగితే ఇబ్బంది పెరిగినట్టు. సామర్థ్యం భాగంలో అడిగేవన్నీ నడకే: ఎంత దూరం నడిచారు, సరదాగా బయట నడిచారా, సామాన్లు తేవడానికి వెళ్ళారా, ఇంట్లో గదుల మధ్య తిరిగారా, పడకగది నుంచి బాత్‌రూమ్‌కు వెళ్ళారా. సుమారు అర పాయింటు తగ్గితే మనిషికి తేడా తెలిసినట్టు లెక్క.

'ఆస్వెస్ట్రీ' అనే ప్రశ్నావళి 1980 నుంచి ఉంది, నడుము నొప్పి ఏదైనా వాడతారు. 10 విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 5, చివరికి శాతం. అందులో నడక ఒక్క విభాగమే. కూర్చోవడం, బరువులెత్తడం, నిద్ర, అన్నీ కలిసిపోతాయి. స్టెనోసిస్ ఉన్నవాళ్ళకు కూర్చుంటే సుఖం, అక్కడ మంచి మార్కులు పడి మొత్తం శాతం అందంగా కనపడుతుంది. నడక మాత్రం నాశనమై ఉంటుంది. నా ఉద్దేశంలో స్టెనోసిస్‌కు ఆస్వెస్ట్రీ ఒక్కటే వాడటం అన్యాయం.

ఇప్పుడు మన భాష తెచ్చే చిక్కు చెబుతాను. సాయంకాలం గారి అమ్మగారు "వంద అడుగులు" అన్నారు కదా. మనకు అడుగు అంటే పాదం వేయడమూ అడుగే, పన్నెండు అంగుళాలూ అడుగే. వంద కొలత అడుగులైతే 30 మీటర్లు. వంద కాలి అడుగులైతే, అడుగు అర మీటరు అనుకున్నా 50 మీటర్లు. జ్యూరిక్ ప్రశ్నావళిలో 50 అడుగులు అన్న గీత ఒకటుంది, 15 మీటర్ల దూరం అది. చదివి వినిపించినప్పుడు పెద్దవాళ్ళు యాభైసార్లు కాలు వేయడం అనుకుని జవాబు చెప్పడం నేను కళ్ళారా చూశాను. ఆస్వెస్ట్రీ మైలు, పావు మైలు, వంద గజాలు అంటుంది. 1.6 కిలోమీటర్లు, 400 మీటర్లు, 90 మీటర్లు అని చెప్పి, ఆయనకు తెలిసిన దారితో పోల్చి అడగండి. అలా అడిగితే జవాబే మారిపోతుంది.

సాయంకాలం

అమ్మను ఇప్పుడే అడిగాను. కాలి అడుగులేనట! "కొలత అడుగులని ఎవరనుకుంటారు" అంది. డాక్టర్‌గారు 30 మీటర్లని రాసుకుని ఉంటే?

ఇరుకుదారి

ఒక్క విషయంలో నాకు మీ అందరితో పేచీ ఉంది, కోపం అనుకోకండి.

ఎంత దూరం నడవగలనన్నది కొలుస్తున్నారు. ఎంత నడుస్తున్నానన్నది ఎవరూ అడగరు. నాకు ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు. పరీక్షలో ఇప్పుడు అరగంట ఆగకుండా నడుస్తాను. కాగితం మీద నేను గెలిచినట్టే. కానీ నిజం చెప్పాలంటే మొన్నమొన్నటిదాకా ఇల్లు కదల్లేదు. మూడేళ్ళు ఎక్కడ కూర్చోవడానికి చోటుంది, ఎక్కడ లేదు అని లెక్కలేసుకుంటూ బతికినవాణ్ణి. నొప్పి పోయినా ఆ లెక్క పోలేదు. చోటు లేని దారి కనపడితే ఇప్పటికీ కాళ్ళు వెనక్కి లాగుతాయి. మా ఆవిడ రోజూ సాయంత్రం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడటం మొదలుపెట్టాకే నేను బయటికి కదిలాను.

కొలతలపుస్తకం

@ఇరుకుదారి గారూ, మీరు చెప్పింది పేచీ కాదు సార్, ఈ రంగం పట్టుకోవాల్సిన అసలు తేడా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన వర్గీకరణలో ఈ రెండింటికీ వేరు వేరు పేర్లున్నాయి. చేయగలగడం ఒకటి, రోజువారీ బతుకులో చేయడం ఒకటి. మొదటిది నడక పరీక్షతో కొలుస్తాం. రెండోదానికి కదలికను నమోదు చేసే యాక్సెలరోమీటర్‌ను నడుముకు కట్టి వారం రోజులు ఉంచుతాం. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గి, నడవగలిగే దూరం పెరిగి, రోజువారీ కదలిక మాత్రం అంతగా పెరగని మనుషులు పరిశోధనల్లో పదేపదే కనపడ్డారు. మీరు ఒంటరి కాదు.

అందుకని @సాయంకాలం గారూ, ఆ 2,900, 800 పారేయకండి. అవి రెండో ప్రశ్నకు జవాబు. కాకపోతే రెండు రోజులు చాలవు, కనీసం ఏడు రోజులు కావాలి, ఫోన్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. మంచం మీద వదిలేసిన ఫోన్‌కు నడక తెలియదు. ఇంకోటి, చాలా మెల్లగా, కాళ్ళీడ్చి నడిస్తే ఈ లెక్కలు తగ్గించి చూపిస్తాయి. వాకర్ పట్టుకుంటే చెయ్యి ఊగదు కాబట్టి చేతి గడియారం చాలా అడుగులు వదిలేస్తుంది.

మెడపట్టీ

నాకు మెడలో స్టెనోసిస్. నేనూ ఇదే పరీక్ష చేసుకోవచ్చా? నాకు నొప్పి లేదు, నడుస్తుంటే తూలుతున్నాను, కాళ్ళు బిగుసుకున్నట్టుంటాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతోంది.

ఎముకలవార్డు

దయచేసి మీరు ఇంట్లో పరీక్షలు పెట్టుకోకండి, వెన్నెముక డాక్టర్‌ను త్వరగా చూడండి. మెడలో నొక్కుకునేది వెన్నుపామే. అక్కడ దూరం ముఖ్యం కాదు, నడక తీరు ముఖ్యం. 10 మీటర్లో 30 మీటర్లో నడిపించి సెకన్లూ అడుగులూ లెక్కపెడతారు, ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్ళకు ఆనిస్తూ గీత మీద నడిపిస్తారు. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలరో చూస్తారు. 20 దాకా రావాలి. చేతులు, కాళ్ళు, స్పర్శ, మూత్రం కలిపి 18 మార్కుల కొలమానం ఒకటుంది. గుండీలు, చేతిరాత మారాయంటే ఆలస్యం చేయకూడదు.

నడుము స్టెనోసిస్ ఉన్నవాళ్ళకూ ఒక మాట. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, పాదం ఉన్నట్టుండి పైకి లేవకపోవడం, వీటిలో ఏది వచ్చినా కొలతలు వదిలేసి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. ఆరు వారాల గడువు అప్పుడు వర్తించదు.

మెడపట్టీ

రేపటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను సర్. పిడికిలి ఇప్పుడే లెక్కపెట్టాను, 11.

ఎముకలవార్డు

ఆ అంకె రేపు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. నడిచేటప్పుడు పక్కన ఒకరుండాలి, మెట్ల దగ్గర జాగ్రత్త.

సాయంకాలం

పది రోజుల తర్వాత వస్తున్నాను. నాలుగుసార్లు కొలిచాం. 20 మీటర్ల దారి, ఒకే చెప్పులు, ఉదయం ఏడింటికి.

మొదటి రోజు, ఒట్టి చేతులతో: 120 మీటర్ల దగ్గర ఎడమ పిక్కలో లాగుడు మొదలు, 260 దగ్గర ఆగారు, 5 నిమిషాల 40 సెకన్లు. నిలబడి చూశారు, తగ్గలేదు. కూర్చున్నాక రెండు నిమిషాలకు తగ్గింది. రెండు రోజులాగి మళ్ళీ ఒట్టి చేతులతో: 140, 310. మూడోసారి చక్రాల వాకర్ మీద కొంచెం వాలి: 380 దాకా ఏమీ లేదు, 700 దగ్గర ఆగారు. నాలుగోసారి ఒట్టి చేతులే, కానీ అంతకుముందు అరగంట నిలబడి పని చేసి వచ్చారు: 40 దగ్గర మొదలు, 100 దగ్గర ఆగిపోయారు.

ఆ నాలుగోది చూశాక అమ్మ మాట అర్థమైంది. అమ్మ ఆయన్ని చూసేది పని అయ్యాక, ఎక్కువసేపు నిలబడి ఉన్న తర్వాత. నాన్న కిలోమీటరు కూడా అర్థమైంది. ఆయన రోజూ వెళ్ళొచ్చే దారి పొడుగు నిజంగా కిలోమీటరుకు కొంచెం ఎక్కువే. దారిలో నాలుగు చోట్ల అరుగుల మీద కూర్చుంటారు. "కూర్చోవడం లెక్కలోకి వస్తుందని నాకేం తెలుసు" అన్నారు. నడకబడి గారూ, మీరు మొదటి రోజే అన్నారు, ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చని.

ఏడు రోజుల అడుగుల సగటు 1,900 వచ్చింది.

ఒక సందేహం. 260 నుంచి 310కి పెరిగింది కదా, నడక మెరుగవుతున్నట్టేనా?

నడకబడి

ఎంత శ్రద్ధగా చేశారండీ! మా దగ్గర కూడా ఇంత వివరంగా రాయని రోజులుంటాయి.

260, 310 మధ్య తేడాను మెరుగు అనకండి. రెండు రోజుల్లో నరం మారదు. రాత్రి నిద్ర, ముందురోజు పని, దారి అలవాటు కావడం, ఇవి చాలు ఆ మాత్రం తేడాకు. ఆ రెండూ కలిపి "ఒట్టి చేతులతో దాదాపు 250 నుంచి 300" అని రాయండి, అదే మీ మొదటి కొలత. ఆరు వారాలకు ఇదే దారిలో, ఇదే వేళకు, ఒట్టి చేతులతో 500 వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

నాకు అన్నిటికన్నా నచ్చింది మీ నాలుగో కొలత. ఏ ప్రామాణిక పరీక్షలోనూ అది లేదు. ఆయన రోజులో అన్నిటికన్నా కష్టమైన వేళ ఏదో అది చెబుతోంది. నిలబడి చేసే పనిని మధ్యలో కూర్చుని విడగొడితే ఆ 100 ఎంతవుతుందో ఒకరోజు చూడండి. వాకర్‌తో రెండింతలకు పైగా రావడం కూడా డాక్టర్‌గారికి పనికొచ్చే విషయం, వంగితే దారి తెరుచుకుంటోందని అర్థం.

కాలిబాట

పాదాల నాడి చూపిచ్చిండ్రా అమ్మా?

సాయంకాలం

చూపించామండీ. రెండు పాదాల్లోనూ బాగానే అందుతోందన్నారు, నిష్పత్తి కూడా తీశారు, 1.05. మీరు రాయకపోతే అడిగేవాళ్ళమే కాదు.

ఇరుకుదారి

మీ నాన్నగారిని ఒకటి అడగండి తల్లీ. ఆ నాలుగు అరుగుల్లో ఒకటి లేకపోతే ఆ దారిలో వెళ్తారా అని. ఆయన జవాబు కూడా డాక్టర్‌కు చెప్పండి.

సాయంకాలం

అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వెళ్ళను" అన్నారు. నిరుడు ఇంకో దారి ఉండేదట, అక్కడ కూర్చునే చోటు తీసేశాక అటు వెళ్ళడం మానేశారట. మాకు ఇప్పటిదాకా తెలియదు.

సాయంకాలం

నిన్న చూపించుకుని వచ్చాం. కాగితం మొత్తం చదివారు. ముందు రాసుకున్న "1 కి.మీ./30 మీ." కొట్టేసి, ఒట్టి చేతులతో 250–300, వాకర్‌తో 700, నిలబడిన తర్వాత 100 అని రాశారు. కాళ్ళ బలం బాగానే ఉంది, మూత్రం ఇబ్బందులు లేవు కాబట్టి ఆపరేషన్‌కు తొందర లేదన్నారు. మూడు నెలలు నడుము వంచే వ్యాయామాలు, సైకిల్, మధ్యలో కూర్చుంటూ చేసే నడక. తర్వాత మళ్ళీ ఇదే కొలత. మానేసిన దారి సంగతి కూడా చెప్పాను, దాన్ని విడిగా ఒక గీత కింద రాసుకున్నారు.

ఇంటికి రాగానే నాన్న టేపు ఎక్కడ పెట్టావని అడిగారు. పాత గుర్తులు చెరిగిపోతున్నాయి, మళ్ళీ కొలిచి గట్టి రంగుతో వేయమన్నారు. అమ్మ గీతలు పెట్టే పుస్తకానికి అట్ట వేసింది.